రాయొద్దన్న బడి

మా ఆఫీసుకు బోర్డు ఉండేది గానీ, దాన్ని చదివి అర్థం చేసుకున్నవాళ్ళు తిరుపతిలో పదిమంది కూడా ఉండరు. విస్తరణ సేవా విభాగం అని నీలం రంగుతో రాసి ఉండేది. ఒకసారి పల్లె నుంచి ఒక పెద్దాయన వ్యవసాయ శాఖ ఆఫీసనుకుని వచ్చి ఎరువు మూటలు ఇచ్చేది ఇక్కడేనా అని అడిగాడు. టీచర్ ట్రైనింగ్ కాలేజీకి వెనక, సైకిల్ స్టాండు పక్కన, మావి రెండు గదులు. ఒకదాంట్లో మా కోఆర్డినేటరు గారు కూర్చునేవారు. రెండో దాంట్లో నేను, ఒక అటెండరు, సిరా కక్కే ఒక సైక్లోస్టైల్ మిషను.

మా పనల్లా చుట్టుపక్కల సర్కారు బళ్ళకీ అక్కడి అయ్యవార్లకీ సాయం చేయడం. భిన్నాలు ఎలా చెప్తే పిల్లల తలకెక్కుతాయో వాళ్ళ బడికే పోయి చెప్పి చూపించేవాళ్ళం. గ్లోబులు, పటాలు అరువిచ్చేవాళ్ళం. రేకు పెట్టెల్లో కథల పుస్తకాలు పెట్టి ఊరి నుంచి ఊరికి తిప్పేవాళ్ళం. నెలకోసారి నాలుగు పేజీల పత్రిక తీసి జిల్లాలోని పంచాయతీ సమితి ఆఫీసులకీ, హైస్కూళ్ళకీ పంపేవాళ్ళం. మేం ఇన్‌స్పెక్టర్లం కాదు. ఎవర్నీ మందలించే అధికారం మాకు లేదు. ఏ బడికి వెళ్ళినా నేను మొదట చెప్పే మాట అదే. భయపడకండి, నేను సాయం చేయడానికి వచ్చాను అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మాట నాకే ఒళ్ళు మండిస్తుంది.

డెబ్బైలు సగం దాటిన రోజులవి. నాకు ఇరవై ఆరేళ్ళు. బీఎడ్‌లో ఫస్టు వచ్చానని అదే కాలేజీలో ఆ ఉద్యోగమిచ్చారు. దాంతో నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇక కోపమంటారా, పుట్టుకతో ముక్కు మీదే ఉంది. నీ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదే అని మా అమ్మ నవ్వుతూనే తిట్టేది. పల్లెలకు ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఆడపిల్ల ఒంటరిగా తిరుగుతోందని ఎవరైనా నోరెత్తితే వాళ్ళ నోరు మూయించి గానీ కదిలేదాన్ని కాదు.

నగరి అవతల, తమిళ సరిహద్దుకు దగ్గర్లో ఒక నేతగాళ్ళ పల్లె ఉంది. ఊరంతా కలిపి మూడు వీధులు, ఏ ఇంట్లో చూసినా మగ్గం గుంట. అక్కడి ఏకోపాధ్యాయ పాఠశాలకు పుస్తకాల పెట్టె చేర్చాలని ఒకరోజు పొద్దున్నే బయల్దేరాను. బస్సు దిగాక రెండు మైళ్ళు నడక. నూలు కట్టలు వేసుకుని పోతున్న ఒకతను పెట్టెను సైకిలు వెనక కట్టుకుని తోసుకొచ్చాడు. ఊళ్ళోకి వచ్చేసరికి పదిన్నర అయింది. బడికి తాళం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాళం పట్టుకుని టకటకా కొట్టాను, ఎవరో లోపల దాక్కున్నట్టు. వీధిలో చూస్తే ప్రతి అరుగు మీదా ఒక పిల్లో పిల్లాడో కూర్చుని రాట్నం తిప్పుతున్నారు. మగ్గంలో అడ్డంగా పోయే దారాన్ని చిన్న చిన్న పుల్లలకు చుడతారు. కండెలంటారు వాటిని. కండె లేకపోతే మగ్గం ఆగిపోతుంది. ఆ పల్లెల్లో కండెలు చుట్టడం పిల్లల పని. బడి ఈడు పిల్లలందరూ అరుగుల మీదే ఉన్నారు, బడి మూసి ఉంది. ఈ అయ్యవారు ఏ ఊళ్ళో హాయిగా నిద్రపోతున్నాడో అనుకున్నాను.

"అయ్యోరు యాడికీ పోలేదమ్మా" అంది ఎదురింటి అరుగు మీది ఆవిడ. "ఈడనే ఉండాడు, ఆ కొస ఇంట్లో. బడి మధ్యాన్నం కదా."

కొస ఇంటి అరుగు మీద యాభై దాటిన మనిషి ఒకాయన పంచె పైకి కట్టుకుని కూర్చుని, రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నాడు. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. నేను నిలబడే మొదలుపెట్టాను. బడి వేళ ఏమిటి, మీరు చేస్తున్నదేమిటి, జీతం దేనికి తీసుకుంటున్నారు అని గుక్క తిప్పుకోకుండా అడిగేశాను. ఇన్‌స్పెక్టర్ని కానని చెప్పే మాట ఆ రోజు నా నోట రానేలేదు. ఆయన చేతిలోని కండె పూర్తయ్యేదాకా చుట్టి, కొస తుంచి, గంపలో వేశాడు.

"ఎండలో వచ్చినారు, కూర్చోండమ్మా. ఈ ఇంటామె బాలింత. కండెలు సుట్టేదానికి ఈళ్ళ పెద్దబిడ్డ ఒక్కతే. నేనో రెండు గంపలు సుట్టిస్తే ఆ పిల్ల మధ్యాన్నం బడికొస్తాది" అన్నాడు.

అప్పుడు కూర్చున్నాను. ఆయన చెప్పింది విన్నాను. ఆ బడికి ఆయన వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. మొదటి రెండేళ్ళూ రూలు ప్రకారం పదింటికే తెరిచాడట. పదిమంది మగపిల్లలు వచ్చేవాళ్ళు, అందులో సగం మంది నిద్రమొహాలు. ఆడపిల్ల ఒక్కతీ వచ్చేది కాదు. ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. పొద్దునపూట పిల్ల లేస్తే మగ్గం నిలిచిపోతుంది సామీ, మధ్యాహ్నానికి కావలసిన కండెలు చుట్టేశాక అయితే తీసుకుపో అన్నారు తల్లులు. సరేనని మధ్యాహ్నం పన్నెండుకు గంట కొట్టడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా చెప్పేవాడు. ఏడేళ్ళుగా అదే నడుస్తోంది.

పన్నెండుకు గంట కొట్టాడు. గంటంటే వేలాడదీసిన పాత ఇనప ముక్క. నేను ఎన్నో బళ్ళు చూశాను గానీ పిల్లలు అలా వచ్చిన బడి చూడలేదు. అరుగుల మీది రాట్నాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గంజి తాగిన మూతి తుడుచుకుంటూ, తమ్ముళ్ళను చంకన వేసుకుంటూ వచ్చి కూర్చున్నారు. సగం మంది ఆడపిల్లలే. అందరి వేళ్ళకూ రంగు, ఎవరింట్లో ఆ వారం ఏ రంగు చీర నేస్తుంటే ఆ రంగు. అటెండరు లేడు, రెండో టీచరు లేడు. ఐదో తరగతి పిల్లలు ఒకటో తరగతికి చెప్తారు, ఆయన అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

ఐదో తరగతిలో ఒక పిల్ల ఉంది. పదకొండేళ్ళుంటాయి. మనిషి పుల్లలాగా సన్నం, కళ్ళు మాత్రం ఒక చోట నిలవవు. నేను పెట్టె తెరిచీ తెరవకముందే పక్కన వచ్చి కూర్చుని, ఒక పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. మాటలు కూడబలుక్కోవడం లేదు, గడగడా చదువుతోంది. ఎక్కడ నేర్చుకున్నావే ఇంత అని అడిగాను.

"నూలు కట్టకి సుట్టి కాయితాలొస్తాయి మేడమ్" అంది. "పాత పేపర్లు. తెలుగువీ వస్తాయి, అరవంవీ వస్తాయి. అన్నీ సదువుతా. మా నాయన కట్ట ఇప్పినప్పుడల్లా కాయితం నాకే ఇస్తాడు."

ఆ పిల్ల సంగతి అయ్యవారు తర్వాత చెప్పాడు. వాళ్ళ నాయనకు కూతురి చదువంటే పట్టింపేమీ లేదు, అలాగని పగా లేదు. ఐదు పాసైతే పక్క ఊళ్ళో ఆరుకు పంపిస్తానని మాటిచ్చాడట. ఆరో తరగతి బడి పొద్దున్నే ఉంటుంది కదా, మరి కండెలు ఎవరు చుడతారు అని అడిగాను. వచ్చే ఏటికి దాని చెల్లెలు చేతికొస్తుంది, ఆ లెక్క మీదే ఒప్పుకున్నాడు అన్నాడు. ఆ ఊరి నుంచి ఆరో తరగతికి పోయిన ఆడపిల్ల అప్పటిదాకా లేదు. ఈ పిల్ల పోతే వెనక ఇంకో ఇద్దరు కదులుతారని ఆయన ఆశ. ఆ ఆశ చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించాడు, పైకి అంటే దిష్టి తగులుతుందన్నట్టు.

సాయంత్రం ఆయన హాజరుపట్టీ తీశాడు. ప్రతి పిల్లకీ పొద్దుటి గడి ఒకటి, మధ్యాహ్నం గడి ఒకటి ఉంటాయి. రెండూ నింపుతున్నాడు. నేను చూశానని ఆయనకు తెలుసు.

"తప్పేనమ్మా" అన్నాడు తలెత్తకుండా. "పదింటికి తెరిస్తే ఈ పుస్తకం సరిగ్గా ఉంటాది. పిల్లోళ్ళు ఉండరు. నాకు పిల్లోళ్ళు కావల్ల."

బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. వద్దంటే వినలేదు. రోడ్డు మీద నిలబడ్డాక, "ఒక మాటమ్మా. ఈ బడి గురించి మీ పత్రికలో రాయొద్దండి" అన్నాడు.

"ఎందుకు సార్? నేనేమన్నా చెడ్డగా రాస్తానా?" అన్నాను.

"మంచిగానైనా రాయొద్దు."

మొహమాటం అనుకున్నాను. మన అయ్యవార్లలో నిజంగా పనిచేసేవాళ్ళకు ఈ జబ్బు ఉంటుంది, నలుగురిలో పేరు చెప్తే ముడుచుకుపోతారు. సరే సరే అని నవ్వి బస్సెక్కాను. ఆయన అడిగింది ఏమిటో, ఎందుకు అడిగాడో ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే చాలు. ఆ ఒక్క నిమిషం నాకు దొరకలేదు.

ఆ ఏడాది ఇంకో మూడుసార్లు వెళ్ళాను. పెట్టె మార్చడం ఒక సాకు. ఆ పిల్ల పాత పెట్టెలోని పుస్తకాలన్నీ అయిపోయి రెండోసారి మొదలుపెట్టి ఉండేది. నేను కనబడగానే పలకరింపు కూడా లేకుండా కొత్తవి ఏం తెచ్చారని అడిగేది. నీకు మర్యాద లేదే అంటే నవ్వేది. నేను ఆ పల్లెకు పోతే రెండు రోజులు కడుపు నిండినట్టుండేది. మిగతా బళ్ళలో గోడలతో మాట్లాడినట్టు మాట్లాడి వచ్చిన నాకు, నేను చదివిన చదువుకు ఒక అర్థముందని అనిపించేది అక్కడే.

అది ఎండాకాలం ముందు నెల. పత్రికకు రాతలు రాలేదు. సైన్సు పరికరాల మీద రాస్తానన్న హైస్కూలు మాస్టారు ఎగ్గొట్టాడు. రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయమ్మా, ఏం చేద్దాం అన్నారు మా కోఆర్డినేటరు గారు. నా దగ్గర ఉంది సార్ అన్నాను. నా బుద్ధి గడ్డి తినడానికి ఆ ఒక్క క్షణం పట్టింది.

ఒక్క బిగిన రాశాను. మధ్యాహ్నం పన్నెండుకు తెరిచే బడి గురించి, బాలింత ఇంట్లో కండెలు చుట్టే అయ్యవారి గురించి, నూలు కట్టల కాగితాల మీద చదువు నేర్చిన పిల్ల గురించి. జిల్లాలోని నేత పల్లెలన్నిటికీ ఇదే దారి అని రాశాను. పదింటికి తెరిస్తేనే బడి అని ఎవరు చెప్పారు అని నిలదీశాను కూడా. ఊరి పేరు రాశాను. అయ్యవారి పేరూ రాశాను. పేరు పెట్టకపోతే ఆ మనిషికి గుర్తింపెలా వస్తుంది అనుకున్నాను. తెలుగు టైపు మిషను మాకు లేదు. స్టెన్సిల్ కాగితం మీద సూదిలాంటి కలంతో నా చేత్తో నేనే రాసేదాన్ని. ఆ నెల ప్రతి అక్షరం గుండ్రంగా, దిద్ది మరీ రాశాను. కోఆర్డినేటరు గారు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అద్భుతంగా వచ్చిందమ్మా అన్నారు. ఆయనకూ తట్టలేదు. మేమిద్దరం బడి గురించి అన్నీ తెలిసిన మేధావులం కదా.

పత్రిక వెళ్ళిన వారానికి మెచ్చుకుంటూ మూడు ఉత్తరాలు వచ్చాయి. వాటిని సొరుగులో పెట్టుకుని రోజుకోసారి తీసి చూసుకున్నాను.

తర్వాతి నెల నగరిలో ఉపాధ్యాయుల సమావేశం. ఏరియాలోని ప్రైమరీ అయ్యవార్లందరూ వస్తారు, నేను నమూనా పాఠం చెప్పాలి. నేను లోపలికి అడుగుపెట్టగానే గదిలో మాటలు ఆగిపోయాయి. పలకరిస్తే చూపు తిప్పుకున్నారు. నేత పల్లె అయ్యవారు ఎప్పుడూ కూర్చునే వెనక బెంచీ మీద ఇంకెవరో కుర్రాడు ఉన్నాడు. పాఠం ఎలా చెప్పానో నాకే తెలియదు. కాఫీ వేళ ఒక టీచరమ్మ నా దగ్గరకు వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, ఎప్పుడూ ఆప్యాయంగా ఉండేది.

"ఎంత పని సేసినావు పాపా" అంది. "ఆయన్ను సత్యవేడు అవతలికి ఎత్తేసినారు. నువ్వు రాసిందే కారణం."

నేరుగా సమితి ఆఫీసుకు పోయాను. అక్కడ బళ్ళ మీద అధికారి ఒకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడని పేరు. నాకు మాత్రం ఆ రోజు ఆయన్ని చూస్తే ఒళ్ళు భగ్గుమంది. తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళి, ఉన్న ఒక్క మంచి బడినీ చంపేశారు కదండీ అన్నాను. ఆయన నన్ను కూర్చోమని కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"నేను ఈడికొచ్చి నాలుగేళ్ళయింది" అన్నాడు. "ఆ బడి మధ్యాన్నం తెరుస్తాడని నాకు తెలీదనుకుంటివా? ఆ ఊరికి నేనెప్పుడు పోయినా రెండింటి తర్వాతే పోతా. పొద్దున పూట ఒక్కసారి కూడా పోలేదు. పోతే తాళం సూడాల, సూస్తే రాయాల. నాకు ముందున్నాయనా అట్లే చేసినాడు. ఈ తాలూకాలో అయ్యవార్లందరికీ తెలుసు. ఏడేండ్లు ఒక్కరూ నోరు తెరవలేదు."

నేను కూర్చున్నాను.

ఆయన బీరువాలోంచి ఒక ఫైలు తీశాడు. అందులో మా పత్రిక. నా దస్తూరీ. నేను మురిసిపోయి రాసిన వాక్యాల కింద ఎవరో ఎర్రసిరాతో గీతలు గీశారు. "ఇది జిల్లా ఆఫీసు నుంచి నా టేబులు మీదికొచ్చింది" అన్నాడు. "పొద్దుట మూసి ఉండే బడికి రిజిస్టర్లో పొద్దుటి హాజరు ఎట్లొచ్చింది, విచారించి రాయమన్నారు. నువ్వు కాయితం మీద పెట్టేసినాక నేను సూడలేదని యెట్ల సెప్పేది? సస్పెన్షన్ కాకుండా బదిలీతో పోనిచ్చినా. అంతకంటే నా చేత కాలేదమ్మా."

మధ్యాహ్నం బడికి అనుమతి ఇప్పించవచ్చు కదా అని అడిగాను. "రాయి. నువ్వు బాగా రాస్తావు కదా" అన్నాడు. ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగానే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

రాశాం. కోఆర్డినేటరు గారి సంతకంతో రెండుసార్లు రాశాం. బడివేళలు జిల్లా అంతటా ఒక్కటేనని, ఒక్క ఊరి కోసం మార్చడం కుదరదని జిల్లా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆయన ఆ కాగితం చదివి నాకిచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఆ పల్లెకు వెళ్ళడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఏ ముఖం పెట్టుకుని పోను? వేసవి సెలవులయ్యాక వెళ్ళాను. పదిన్నరకు బడి తెరిచే ఉంది. కొత్త అయ్యవారు కుర్రాడు, మంచివాడే. తొమ్మిదిన్నర బస్సుకు వస్తాడు, నాలుగున్నర బస్సుకు పోతాడు, మధ్యలో శ్రద్ధగా చెప్తాడు. ఎదురుగా మగపిల్లలు పదిమంది కూడా లేరు. మిగతావాళ్ళు రావడం లేదు మేడమ్, ఎంత పిలిచినా తల్లిదండ్రులు పంపించరు, వీళ్ళకు చదువు విలువ తెలియదు అన్నాడు. ఏడాది కింద నేను కూడా సరిగ్గా అదే మాట అనేదాన్ని. కోప్పడే హక్కు నాకు లేకపోయింది.

ఆ పిల్ల వాళ్ళింటి అరుగు మీదే ఉంది. రాట్నం తిప్పుతోంది. వేళ్ళకు ఆకుపచ్చ రంగు. పరీక్ష రాయలేదు. బడి పొద్దుటికి మారాక ఒక్కరోజు కూడా పోలేదట. వాళ్ళమ్మ గడప దాటి బయటకు వచ్చింది. నన్ను తిడుతుందని అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ అయ్యోరు ఉన్నెప్పుడు మధ్యాన్నం పంపిస్తా ఉంటిమి. ఇప్పుడు పొద్దున్నే రమ్మంటే కండెలు ఎవురు సుడతారమ్మా? సిన్నదానికింకా సెయ్యి తిరగలేదు" అంది. "పవర్‌లూమ్ షెడ్డులో దీన్ని పనికి తీసుకుంటామంటా ఉండారు. వాళ్ళ నాయన సరేనన్నాడు."

నేను ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. అదే ముందు మాట్లాడింది, చెయ్యి ఆపకుండా.

"మీరు రాసిన కాయితం అయ్యోరు పోయేటప్పుడు నాకిచ్చిపోయినాడు మేడమ్. సదివినా. రెండో పక్క నా గురించి రాసినారు కదా, నూలు కట్ట కాయితాల సంగతి. శానా బాగా రాసినారు."

దాని మొహంలో సంతోషం. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. తన గురించి కాగితంలో వచ్చిందని, ఆ కాగితం జిల్లా అంతా చదివిందని అది గర్వపడుతోంది. ఇంకో పెట్టె తెచ్చినారా అని అడిగింది. తేలేదు అన్నాను. పర్వాలేదులే, నాకు ఇప్పుడు తీరిక లేదు అంది. ఆ మాటతో రాట్నం మళ్ళీ వేగంగా తిప్పడం మొదలుపెట్టింది.

బస్సులో కూర్చుని ఏడ్చాను. పక్కసీటు ముసలమ్మ ఎవరైనా పోయారా బిడ్డా అని అడిగింది. లేదన్నాను. ఏం చెప్పను?

అయ్యవారి దగ్గరకు వెళ్ళడానికి ఇంకో ఏడాది పట్టింది. సత్యవేడులో బస్సు మారి, అది దిగాక ఇసక దారిలో చాలా దూరం నడవాలి. పులికాట్ సరస్సు అక్కడికి దగ్గర్లోనే అంటారు, గాలిలో చేప వాసన ఉంటుంది. బడి ఒక పూరిపాక. సరిగ్గా పదికి తెరిచి ఉంది. ఎనిమిది మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆయన బోర్డు మీద ఎక్కం రాస్తున్నాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. మెడ చుట్టూ చొక్కా వదులైపోయింది. నన్ను చూసి ఒక్క క్షణం సుద్దముక్క అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, రండమ్మా, ఇంత దూరం ఎట్ల వచ్చినారు అని ఎప్పటిలాగే అన్నాడు.

పిల్లలకు కూడికలు ఇచ్చి, పక్కనే ఉన్న తన గదిలోకి తీసుకెళ్ళాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కిరసనాయిలు పొయ్యి మీద తనే కాఫీ పెట్టాడు. మా ఆఫీసు గురించి, కోఆర్డినేటరు గారి ఆరోగ్యం గురించి అడిగాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

"మీరు వద్దన్నారు. నేను వినలేదు. తప్పు చేశాను సార్" అన్నాను. అంతకంటే ఏమీ రాలేదు. నా నోటికి తాళం పడటం అదే మొదటిసారి.

బయట పిల్లలు వేళ్ళు లెక్కపెట్టుకుంటున్న గొణుగుడు వినిపిస్తోంది. కోప్పడతాడేమోనని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, కోప్పడాలనే ఎదురుచూశాను. ఆయన అడిగింది ఒక్కటే.

"ఆ పిల్ల పరీక్ష రాసిందామ్మా? నేను వచ్చేటప్పటికి ఇంకా రెండు నెలలుండె. ఆ ఊరి మొకం సూడల్లంటే నాకు ధైర్యం సాల్లేదు. ఎవర్నీ అడగలేదు."

ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. ఈ ఏడాదంతా ఈ గదిలో కూర్చుని ఆయన తలుచుకున్నది ఈ ఒక్క ప్రశ్నే అని నాకు అర్థమైపోయింది. నాకు నిజం తెలుసు. అప్పటికి ఆ పిల్ల పవర్‌లూమ్ షెడ్డులో పనికి పోతోంది. పొద్దున ఏడింటికి పోతే చీకటి పడ్డాక వస్తుందని నగరి టీచరమ్మ చెప్పింది. వాళ్ళ చెల్లెలు అరుగు మీద కండెలు చుడుతోంది, దానికి అక్షరాలు రావు.

"రాసింది సార్" అన్నాను. "పాసయింది."

"ఆరుకు పోయినాదా?"

"పోయింది. పక్క ఊరికే."

"వాళ్ళ నాయన మాట నిలబెట్టుకున్నాడా అయితే?"

"నిలబెట్టుకున్నాడు సార్. కండెలు చెల్లెలు చుడుతోంది."

ఆ చివరి ముక్క ఒక్కటే నిజం. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా కళ్ళు తడిగానే ఉన్నాయి. అయినా నవ్వుతున్నాడు. ఏడాదిన్నరగా నేను ఆ నవ్వు చూడలేదు.

"అట్లయితే ఏం పోలేదులేమ్మా" అన్నాడు. "నేను ఈడికొస్తే ఏం, యాడుంటే ఏం. ఆ పిల్ల సదువుతా ఉండాది కదా. మీరు ఆ సంగతి మనసులో పెట్టుకోవాకండి. మీరేం తప్పు సేయలేదు."

ఆ మాట ఆయన నోట వినడానికే నేను అంత దూరం వెళ్ళాను. విన్నాను. ఆయన ఇసక దారి చివరిదాకా నన్ను సాగనంపి, బస్సు కదిలేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. ఆయన నన్ను క్షమించాడు. ఆ పిల్ల చదువుతోందని నమ్మి క్షమించాడు.